ఎన్‌రోల్ అంటే ఏంది? ఫారం నింపే ముందు, నింపాక చూసుకోవాల్సినవి

ఆధార్ చీటీ మీద ఎన్‌రోల్‌మెంట్ నంబర్ అని ఉంటుంది, పోటీ పరీక్ష ఫారంలో రిజిస్ట్రేషన్ నంబర్ అంటారు, హాల్ టికెట్ మీద ఇంకో నంబర్, క్లాసులో రోల్ నంబర్ మళ్ళీ వేరు. నెల్లూర్లోనో ఒంగోల్లోనో కావల్లోనో అడ్మిషన్ల రోజుల్లో ఏ నెట్ సెంటర్ ముందు నిలబడినా వినపడే మాట ఒకటే: "అన్నా, ఈ గడిలో ఏ నంబర్ ఎయ్యాల?" కౌంటర్ దగ్గర కూర్చున్న అబ్బాయికి కూడా అన్నిసార్లూ తెలియదు, ఏదో ఒకటి కొట్టి చూస్తాడు, ఎర్ర అక్షరాలు వస్తే ఇంకోటి కొడతాడు.

ఈ గందరగోళంలో సగం ఇంగ్లీషు మాటల వల్ల వచ్చింది. మిగతా సగం, అప్లై చేస్తే పనైపోయినట్టే అని మనం అనుకోవడం వల్ల వచ్చింది. ఎన్‌రోల్ అన్న మాట ఎక్కడ పుట్టిందో చూస్తే రెండూ ఒకేసారి సర్దుకుంటాయి, అందుకే ముందు ఆ కథ, తర్వాత ఏ ఫారం దగ్గర ఏం చేయాలో చెప్తాను. కథ వద్దు, పని చెప్పమంటారా, కిందికి దిగిపోండి.

మాట కథ

ఎన్ అంటే లోపలికి, రోల్ అంటే చుట్ట. చుట్టలోకి ఎక్కించడం, అంతే. మన వైపు చుట్ట అనగానే పొగాకే గుర్తొస్తుంది గానీ ఇది తోలు చుట్ట. పాత ఫ్రెంచిలో ఎన్‌రోలర్ అనేవాళ్ళు, అక్కడి నుంచి 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ రోల్ అనే ముక్కకు మూలం లాటిన్‌లో రోటులస్, అంటే చిన్న చక్రం. చక్రాన్ని రోటా అంటారు, రొటేషన్, రోటరీ అన్నీ ఆ ఇంటివే.

చక్రానికీ పేర్లు రాసుకోవడానికీ ఏం సంబంధం అంటే, అప్పట్లో ఇంగ్లండులో సర్కారు లెక్కలు పుస్తకాల్లో కంటే ఎక్కువగా గొర్రెతోలు మీద రాసేవాళ్ళు. తోలును పల్చగా సాగదీసి, ఆరబెట్టి, గీకి నున్నగా చేసి, ఒకదాని చివర ఇంకోటి కుట్టుకుంటూ పోయి, చాప చుట్టినట్టు చుట్టి బీరువాలో పెట్టేవాళ్ళు. రాజుగారి ఖజానా లెక్కల చుట్టల్ని పైప్ రోల్స్ అంటారు. వాటిలో ఇప్పటికి మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది 1130 నాటిది, లండన్ దగ్గర క్యూ అనే చోట వాళ్ళ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇంకా ఉంది. మనకు కరణం గారి కవిలెకట్ట ఎట్లాగో వాళ్ళకు ఈ రోల్ అట్లాగ. ఆ చుట్టలు కాపాడే పెద్దకి మాస్టర్ ఆఫ్ ది రోల్స్ అని పేరు. చుట్టలు పోయినా పేరు పోలేదు, ఇప్పటికీ ఇంగ్లండులో అప్పీలు కోర్టు సివిల్ విభాగానికి పెద్ద జడ్జిని అదే పేరుతో పిలుస్తారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. చుట్టను ఒక ఆఫీసు రాస్తుంది, ఆ ఆఫీసే దాచుకుంటుంది. మీరు వెళ్ళి నా పేరు రాసుకోండి అని అడగడం ఒక పని, వాళ్ళు రాయడం ఇంకో పని. రెండోది జరిగితేనే ఎన్‌రోల్ అయినట్టు. ఊళ్ళో పెద్దవాళ్ళు "లిస్టులో పేరెక్కిందా?" అని అడుగుతారు చూడండి, సరిగ్గా అదే.

చుట్ట నుంచి పుట్టిన మాటలు ఇంకా ఉన్నాయి, మనకు పనికొచ్చేది వాటిలో కంట్రోల్. ఫ్రెంచిలో కాంత్ర్ అంటే ఎదురు, కాంత్ర్ రోల్ అంటే ఎదురు చుట్ట. లెక్కలు రాసే గుమాస్తా ఒక చుట్ట రాస్తే, ఇంకొకడు అదే లెక్కను వేరే చుట్టలో రాసేవాడు, ఏడాది చివర రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసేవాళ్ళు, తేడా వస్తే ఎవడు తిన్నాడో తేలిపోయేది. సరిచూడటం అన్న ఆ అర్థమే పోనుపోను అదుపు అన్న అర్థానికి మారింది. అంటే ఆఫీసు దగ్గర ఒక కాపీ, మన దగ్గర ఒక కాపీ ఉండటమే కంట్రోల్‌కి మొదటి అర్థం! అప్లికేషన్ పెట్టాక రసీదు ఫోటో తీసుకోకుండా బయటికొచ్చేవాళ్ళకి ఇది రోజూ చెప్పాలనిపిస్తుంది.

నాటకాల్లో రోల్ అంటాం కదా, ఈ రోల్ ఎవరు వేశారు అని, అదీ ఈ చుట్టే. నటుడి డైలాగులు చుట్టగా రాసి చేతికిచ్చేవాళ్ళట, స్పెల్లింగ్ మారింది గానీ ఇల్లు ఒకటే. ఉపాధి పనిలో వేసే మస్టర్ మాత్రం వేరే ఇంటిది. లాటిన్‌లో చూపించడం అన్న మాట నుంచి వచ్చింది, మనుషుల్ని వరసలో నిలబెట్టి చూసుకోవడం, ఆ చూసుకున్నదాన్ని రాసే పట్టీ మస్టర్ రోల్. మనవాళ్ళు రోల్ తీసేసి మస్టర్ ఒక్కటే ఉంచుకున్నారు. మెట్రిక్యులేషన్ కూడా జాబితా మాటే అంటే నమ్మబుద్ధి కాదు. నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో "మెట్రిక్ ప్యాసయ్యాడు" అంటే పెద్ద గౌరవం, ఆ మెట్రిక్ లాటిన్ మెట్రిక్యులా నుంచి వచ్చింది, దానికి అర్థం పేర్ల పట్టీ. యూనివర్సిటీ పట్టీలో పేరెక్కే అర్హత వచ్చింది అనే కదా ఆ పరీక్ష.

మరి రిజిస్టర్?

ఇది రెండో తికమక. రిజిస్టర్ లాటిన్‌లో వెనక్కి తీసుకురావడం, తిరిగి మోసుకురావడం అన్న మాట నుంచి వచ్చింది. జరిగిన సంగతిని పుస్తకంలోకి తెచ్చి పెట్టడం. అందుకే మన ఆఫీసుల్లో ఒక వాడుక కనిపిస్తుంది: జరిగిన పనిని, కాగితాన్ని రిజిస్టర్ చేస్తారు, మనిషిని ఒక గుంపులోకి ఎన్‌రోల్ చేస్తారు. పుట్టుక, చావు, పెళ్ళి, పొలం అమ్మకం రిజిస్టర్ అవుతాయి. విద్యార్థి, ఓటరు, లాయరు, సైనికుడు ఎన్‌రోల్ అవుతారు. 1950 నాటి ఆర్మీ చట్టంలో జవాన్లకు వాడిన మాట ఎన్‌రోల్, ఆఫీసర్లకు మాత్రం కమిషన్.

ఇదేమీ రాయి మీద చెక్కిన రూలు కాదు. ఓటర్లను ఎక్కించే అధికారి పేరే ఎలక్టోరల్ రిజిస్ట్రేషన్ ఆఫీసర్, పొగాకు బోర్డు వాళ్ళు రైతునే రిజిస్టర్ చేస్తారు, కొండపి, పొదిలి వైపు రైతుల్ని అడగండి, పంట వేయాలంటే రిజిస్ట్రేషన్, ఆకు ఆరబెట్టే బ్యారన్‌కి లైసెన్సు అంటారు తప్ప ఎన్‌రోల్ అన్న మాట వినపడదు. పాత ఇంగ్లండులో పొలం దస్తావేజును కూడా ఎన్‌రోల్ చేసేవాళ్ళు, 1536లో దానికోసం ఒక చట్టమే తెచ్చారు, అమ్మకం జరిగిన ఆరు నెలల్లోపు చుట్టలో ఎక్కాలని. మన దగ్గర అదే పనికి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఉంది, దస్తావేజు రాసుకున్న నాలుగు నెలల్లోపు సబ్ రిజిస్ట్రార్ ముందు పెట్టాలి. కాబట్టి మాటను చూసి భయపడొద్దు, ఎవరి పుస్తకంలో ఏది ఎక్కుతుందో చూడండి చాలు.

ఇక పని

ఏ ఫారమైనా సరే, నింపే ముందు మూడు విషయాలు తెలుసుకోండి. ఇది ఎక్కేది ఏ జాబితాలో? ఆ జాబితా ఎవరి దగ్గర ఉంటుంది? నా పేరు ఎక్కిందని నేను ఎట్లా చూసుకోవాలి? మూడోదానికి జవాబు దొరక్కుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు. "మెసేజ్ వస్తుందిలే" అంటారు, రాకపోతే ఏ నంబరుతో వెతకాలో అడిగి, ఆ నంబరు కాగితం మీద కనబడుతుందో లేదో అక్కడే చూసుకోండి. థర్మల్ ప్రింటు రసీదులైతే నెల్లూరు ఎండకి కొన్నాళ్ళకే తెల్లగా అయిపోతాయి, ఫోటో తీసి పెట్టుకోండి.

నంబర్లకు ఒక వరస ఉంది. అప్లికేషన్ నంబరు, రిఫరెన్స్ నంబరు, అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు అన్నీ "మీరు అడిగారు" అన్నదానికి గుర్తు. రిజిస్ట్రేషన్ నంబరు చాలా పరీక్షల్లో ఇదే మెట్టు మీద ఉంటుంది, వెబ్‌సైట్‌లో మీ వివరాలు ఎక్కాయి అంతే, సీటుతో సంబంధం లేదు. ఎన్‌రోల్‌మెంట్ నంబరు సాధారణంగా "మిమ్మల్ని చేర్చుకున్నాం" అన్నదానికి గుర్తు. ఇగ్నోలాంటి దూరవిద్యలో ఇది బాగా తెలుస్తుంది, అడ్మిషన్ ఖాయమయ్యాకే ఎన్‌రోల్‌మెంట్ నంబరు వస్తుంది, అసైన్‌మెంట్ల మీద, పరీక్ష ఫారంలో అదే రాయాలి, అప్లికేషన్ నంబరు రాస్తే పనికిరాదు. రోల్ నంబరు ఆ తర్వాత, క్లాసు పట్టీలో మీ వరస.

ఆధార్ ఒక్కటి దీనికి అడ్డం తిరుగుతుంది. అక్కడ ఎన్‌రోల్‌మెంట్ నంబరు అంటే మీరు వేలిముద్రలు ఇచ్చి వచ్చారన్న గుర్తే, ఆధార్ వచ్చిందని కాదు. చీటీ మీద 14 అంకెల నంబరు, దాని పక్కన తేదీ, టైము కలిపి ఇంకో 14 అంకెలు, మొత్తం 28 కలిస్తేనే పూర్తి ఎన్‌రోల్‌మెంట్ ఐడీ. చాలామంది మొదటి 14 కొట్టి "రావట్లేదన్నా" అంటారు. తేదీ, టైము కూడా కొట్టాలి, సెకన్లతో సహా. అసలు ఆధార్ నంబరు 12 అంకెలు. కొత్త ఎన్‌రోల్‌మెంట్‌కి డబ్బులు లేవు, ఎవరైనా అడిగితే దేనికని అడగండి. ఐదేళ్ళలోపు పిల్లలకి వేలిముద్రలు తీసుకోరు, నీలం రంగు కార్డు ఇస్తారు, ఐదేళ్ళు నిండాక ఒకసారి, పదిహేనేళ్ళు నిండాక ఇంకోసారి వేలిముద్రలు, కంటి స్కాన్ ఇచ్చి రావాలి. ఈ రెండోది మర్చిపోయి ఇంటర్ తర్వాత పరీక్షల అప్లికేషన్లప్పుడు టెన్షన్ పడే పిల్లలు ఏటా కనిపిస్తారు.

పదో తరగతి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే బతుకంతా వెంట వచ్చే జాబితా ఇదే. పరీక్షలకు ముందు స్కూలు వాళ్ళు ప్రభుత్వ పరీక్షల విభాగానికి నామినల్ రోల్స్ పంపుతారు. ఇక్కడా అదే రోల్. అందులో పిల్లాడి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఎట్లా ఉంటే మార్కుల మెమో మీద అట్లాగే అచ్చవుతుంది. తర్వాత పాస్‌పోర్టు, ఉద్యోగం లాంటివాటికి పుట్టిన తేదీ కోసం చాలాసార్లు చూసేది ఆ మెమోనే. అచ్చయ్యాక మార్పించుకోవడం ఎంత తిరుగుడో తిరిగినవాళ్ళకే తెలుసు, నామినల్ రోల్ పంపకముందు అయితే పెన్నుతో కొట్టేసి రాసినంత సులువు. స్కూలు వాళ్ళు ఒక ప్రింటు తీసి తల్లిదండ్రుల సంతకం అడుగుతారు. చూడకుండా సంతకం పెట్టకండి. ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదవండి, అదే మీ ఎదురు చుట్ట.

చదివేటప్పుడు ముఖ్యంగా ఇంటిపేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఆన్‌లైన్ ఫారాలు చాలావరకు చివర అడుగుతాయి. ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తి పేరు, ఒకచోట రెడ్డి గానీ నాయుడు గానీ కలిసి, ఇంకోచోట విడిగా, ఒకచోట వెంకటేశ్వర్లుకి డబ్ల్యూ, ఇంకోచోట వీ. మనకు ఒకే మనిషి, కంప్యూటర్‌కి నలుగురు. పదో తరగతి నామినల్ రోల్‌లో ఎట్లా రాయించాలో ఇంట్లో ఒకసారి కూర్చుని తేల్చుకుని, ఆధార్ ముందే దానికి తగ్గట్టు సరిచేయించి పెట్టుకుంటే తర్వాత ఏ ఫారంలోనూ చిక్కు రాదు.

ఓటర్ల జాబితా సంగతికొస్తే, ఇంగ్లీషులో దాని పేరే ఎలక్టోరల్ రోల్. చేతిలో ఓటరు కార్డు ఉంది కాబట్టి ఓటుంది అనుకుంటారు. కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ చెప్పేది జాబితాలో పేరున్నవాళ్ళే ఓటేయొచ్చని. కార్డు మీరు ఫలానా అని చూపించడానికి, దాని బదులు ఎన్నికల సంఘం ఒప్పుకునే ఇంకో గుర్తింపు కార్డు చూపినా సరిపోతుంది, జాబితాలో పేరుకి మాత్రం బదులు లేదు. కార్డు జేబులో పెట్టుకుని చెన్నై నుంచో బెంగళూరు నుంచో రాత్రంతా బస్సులో వచ్చి, పొద్దున్నే బూతు దగ్గర పేరు లేదనిపించుకోవడం కంటే, నెల ముందు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో కార్డు నంబరు కొట్టి చూసుకోవడం నయం.

కొత్తగా పేరెక్కించడానికి ఫారం 6. చిరునామా మారినా, పేరు తప్పున్నా, కార్డు పోయినా ఫారం 8. చనిపోయినవాళ్ళ పేరు తీయించడానికి, ఎవరి పేరు మీదైనా అభ్యంతరం చెప్పడానికి ఫారం 7. ఒంగోలు నుంచి నెల్లూరు మారారనుకోండి, మళ్ళీ ఫారం 6 వేయకండి, రెండుచోట్ల పేరుంటుంది, అది చట్టం ఒప్పుకోదు, ఫారం 8 వేయాలి. పద్దెనిమిది నిండడానికి ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క, ఇప్పుడు ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా లెక్కే, పదిహేడు దాటినవాళ్ళు ముందుగానే అప్లై చేసి పెట్టుకోవచ్చు. అప్లై చేశాక రిఫరెన్స్ నంబరు వస్తుంది. అది రోల్‌లో ఎక్కినట్టు కాదని ఇంకోసారి చెప్పనక్కర్లేదనుకుంటా.

లా చదివే పిల్లలు నెల్లూర్లో బాగానే ఉన్నారు, వాళ్ళకోసం ఒక ముక్క. డిగ్రీ వస్తే లాయరు కాదు, రాష్ట్ర బార్ కౌన్సిల్ రోల్‌లో పేరెక్కితేనే అడ్వకేటు. 1961 అడ్వకేట్స్ చట్టంలో ఆ జాబితా పేరు రోల్ అనే ఉంది, తప్పు చేసిన లాయరుకి పడే పెద్ద శిక్ష కూడా రోల్ నుంచి పేరు తీసేయడమే. లా చదివి బారిస్టరయిన టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టుకున్న జిల్లా పక్కనే ఉండి ఈ మాట తెలియకపోతే ఎట్లా! డబ్బుల సంగతి: చట్టంలో ఎన్‌రోల్‌మెంట్ ఫీజు మామూలుగా 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. బార్ కౌన్సిళ్ళు రకరకాల పేర్లతో వేలకు వేలు తీసుకుంటుంటే, 2024 జులై 30న సుప్రీంకోర్టు చట్టంలో ఉన్న ఫీజు, స్టాంపు డ్యూటీ ఉంటే అది తప్ప ఎన్‌రోల్‌మెంట్‌కి ఇంకేమీ తీసుకోకూడదని తీర్పు చెప్పింది. ఫీజు కట్టేటప్పుడు ఈ అంకె గుర్తుంచుకోండి.

రైతులకు ఈ-క్రాప్ ఉంది, అది మనిషిది కాదు, ఆ సీజన్లో ఆ సర్వే నంబరులో ఏ పంట ఉందో దాని నమోదు. ప్రతి పంటకూ మళ్ళీ చేయించాలి, చేయించాక ఈకేవైసీ వేలిముద్ర కూడా వేయాలి. పోయినసారి ఉంది కదా అని ఊరుకుంటే ఈసారి ధాన్యం అమ్ముకునేటప్పుడు తెలుస్తుంది.

ఇంగ్లీషులో రాయాల్సి వస్తే: బ్రిటిష్ పద్ధతిలో ఎన్‌రోల్ చివర ఒకే ఎల్, అమెరికా వాళ్ళకి రెండు. ఎన్‌రోల్డ్, ఎన్‌రోలింగ్ దగ్గర ఇద్దరికీ రెండే. ఎన్‌రోల్‌మెంట్‌లో మళ్ళీ బ్రిటిష్ వాళ్ళకి ఒకటి, అమెరికా వాళ్ళకి రెండు. మన ఆధార్ చట్టంలోనూ అడ్వకేట్స్ చట్టంలోనూ ఒకే ఎల్ ఉంది కాబట్టి ఇక్కడి ఆఫీసులకు రాసే లెటర్లలో ఒకటే వేయండి, అమెరికా కాలేజీకి రాస్తే రెండు. ఏది రాసినా ఎవరూ అప్లికేషన్ తిప్పి పంపరు గానీ ఒకే కాగితంలో రెండు రకాలూ రాస్తే బాగోదు.

చీటీ పోయిందా? ఆధార్‌కి మొబైల్ నంబరు ఇచ్చి ఉంటే, వాళ్ళ వెబ్‌సైట్‌లోనే పోయిన ఎన్‌రోల్‌మెంట్ ఐడీ తిరిగి తీసుకునే చోటు ఉంది, పేరు, మొబైల్ కొడితే ఓటీపీ తర్వాత వస్తుంది. ఫోన్ చేయాలంటే 1947. ఓటు గురించి అయితే 1950. పదో తరగతి నామినల్ రోల్ గురించి అయితే ఏ ఫోన్ నంబరూ అక్కర్లేదు, నేరుగా హెడ్ మాస్టరు గదికి వెళ్ళండి, పరీక్ష ఫీజు కట్టే రోజులకు ముందే.